ఏపుగా పెరిగిన మైదానము – చిన్న ట్రాక్టరు

విలువలేని దానిని గడ్డిపరకతో పోల్చుట మనకు అలవాటు. ఆ గడ్డిపరకలే ఎనిమిది ఎకరముల నిండా నడుమెత్తున నిలిచినప్పుడు గాని వాటి సత్తువ మనకు తెలిసిరాదు. 2020 మార్చిలో దేశమందలి విద్యాలయములన్నియు మూతపడినవి. వానలు మాత్రము ఆగలేదు. మా కళాశాల మైదానమున పరుగులెత్తు విద్యార్థులు లేరు. ప్రహరీగోడ అడ్డముండుటచే మేయు పశువులును లేవు. రెండవ వానకాలము నడుమకు వచ్చునప్పటికి గరిక, తుంగ, తగిరిస, ఉత్తరేణి, అన్నిటికంటె మిన్నగా వయ్యారిభామ ఆ నేలనంతటిని ఆక్రమించినవి. ఫుట్‌బాలు గోలుస్తంభముల పైసగము మాత్రమే కనబడుచుండెను.

దానిని బాగుచేయు భారము 2021 ఆగస్టులో నాపైనను మరి ఇద్దరు సహోద్యోగులపైనను పడినది. పని పూర్తియైనది గాని, పొరపాట్లు లేకుండ కాలేదు. ఇటువంటి నేలలు మన ఉన్నత పాఠశాలలకు పెక్కింటికి కలవు. వాటిని చిన్న ట్రాక్టరుతో కోయుటలో ఇమిడియున్న భౌతికశాస్త్రమును, వృక్షశాస్త్రమును కొంత వివరించినచో ఉపాధ్యాయులకు పనికివచ్చునని తోచినది. ముందే ఒక మాట చెప్పవలెను. యంత్రము ఎంత బలమైనది అను ప్రశ్నకంటె, ఏ మొక్క తన పెరుగు మొగ్గను ఎక్కడ దాచుకొన్నది అను ప్రశ్న ముఖ్యమైనది. ఇది మాకు పని సగమైన తరువాత గాని బోధపడలేదు.

సలహాలకు కొదువ లేకపోయెను. నిప్పు పెట్టుడని కొందరనిరి. వానకాలపు పచ్చిగడ్డి అంటుకొనదు. ఎండిన తరువాత అంటుకొన్నచో ఆగదు. రోటవేటరు తిప్పినచో ఒక్క పూటలో నేల అద్దమువలె అగునని మరికొందరనిరి. అద్దమువలె అగుట నిజమే గాని అది నెలనాళ్ల ముచ్చట. తుంగకు నేలలో గొలుసువలె అల్లుకొన్న చిన్నచిన్న గడ్డలుండును. గరికకు నేలపై ప్రాకు కాడలును, నేలలోపల నడుచు కాడలును ఉండి, ప్రతి కణుపునను ఒక మొగ్గ యుండును. రోటవేటరు కత్తులు వీటిని తుంచి మైదానమంతట వెదజల్లును. ఒక మొక్క పది మొక్కలగును. అడుగున నిద్రించుచున్న కలుపు విత్తనములు పైపొరకు వచ్చి, వెలుతురు సోకి మొలచును. పంట వేయదలచిన నేలకు దుక్కి కావలెను. పచ్చిక నిలుపదలచిన నేలకు కోతయే కావలెను.

అందుచే 24 అశ్వశక్తుల చిన్న ట్రాక్టరును, దాని వెనుక తగిలించు నాలుగడుగుల రోటరీ స్లాషరును అద్దెకు తెచ్చితిమి. స్లాషరు వెడల్పును ఎన్నుకొనుటకు ఒక మోటు లెక్క కలదు: దట్టమైన గడ్డికి అడుగు వెడల్పునకు సుమారు ఐదు అశ్వశక్తులు కావలెను. ఇంజను శక్తిలో కొంత గేర్లలో ఖర్చుకాగా మన ట్రాక్టరు వెనుక ఇరుసునకు ఇరువది చిల్లర మాత్రమే మిగులును గనుక నాలుగడుగులు సరిపోవును. ఆరడుగుల యంత్రము తగిలించినచో పని త్వరగా ముగియుననుకొనుట భ్రమ. ఇంజను అడుగడుగునకు ఆగుచుండును.

ఈ యంత్రపు నిర్మాణము సులభమైనది. బోర్లించిన పెద్ద పళ్లెము వంటి దళసరి ఇనుప కప్పు, దాని నడుమ నిలువు ఇరుసు, ఇరుసు అడుగున గుండ్రని ఇనుప బిళ్ల, బిళ్ల అంచున ఎదురెదురుగా రెండు కత్తులు. కత్తులు కదలకుండ బిగించబడినవి కావు. ఒక్కొక్కటి ఒక్కొక్క బోల్టుపై అటునిటు ఊగుచుండును. ట్రాక్టరు వెనుకనున్న పి. టి. ఓ. ఇరుసు నిమిషమునకు 540 చుట్లు తిరుగును. గేరుపెట్టె దానిని సుమారు రెట్టింపు చేయుటచే కత్తులు నిమిషమునకు దాదాపు 1000 చుట్లు తిరుగును. యంత్రమునంతటిని మూడు చోట్ల పట్టి ఎత్తి దించు ఏర్పాటు ఐర్లండుకు చెందిన హారీ ఫెర్గూసన్ 1926లో పేటెంటు పొందిన ఊహయే. చిన్న ట్రాక్టరు పెద్ద పనిచేయుట దానితోనే మొదలైనదనవచ్చును.

కొడవలితో గడ్డి కోయువారిని గమనింపుడు. ఎడమచేతితో గుప్పెడు గడ్డి పట్టి, కుడిచేతితో కోయుదురు. పట్టు లేనిచో గడ్డి వంగి తప్పించుకొనును. కత్తెరలో ఒక అలుగునకు రెండవ అలుగు పట్టు. మరి స్లాషరులో గడ్డిని పట్టుకొను చేయి ఏది? గడ్డి యొక్క జడత్వమే ఆ చేయి. కత్తి మెల్లగా వచ్చినచో కాడకు వంగుటకు వ్యవధి యుండును. మిక్కిలి వేగముగా వచ్చినచో కాడ కదలుటకు ముందే తెగిపోవును. గాలిలో వేలాడు దారమును మొద్దుకత్తితో మెల్లగా నెట్టినచో అది జరుగునే గాని తెగదు. సన్నని బెత్తముతో చురుకుగా కొట్టినచో తెగవచ్చును. స్లాషరు పనియంతయు ఈ చురుకుదనముననే యున్నది.

ఆ వేగమెంతో లెక్కింతము. కత్తుల కొనలు గీయు వృత్తపు వ్యాసము 1.2 మీటర్లు. చుట్టుకొలత 3.14 × 1.2, అనగా సుమారు 3.77 మీటర్లు. నిమిషమునకు 1000 చుట్లు గనుక సెకనుకు 16.7 చుట్లు. గుణించినచో సెకనుకు 63 మీటర్లు వచ్చును; అనగా గంటకు 225 కిలోమీటర్లు దాటును. మన ఎక్స్‌ప్రెస్ రైళ్లకు ఇంతటి వేగము లేదు. కత్తి బరువు రెండు కిలోగ్రాములనియు, దాని గురుత్వకేంద్రము ఇరుసునుండి అర మీటరు దూరమున ఉన్నదనియు అనుకొందము. అప్పుడు కత్తి బయటకు లాగు బలము సుమారు 11 వేల న్యూటన్లు, అనగా 1,100 కిలోల బరువును వ్రేలాడదీసినంత. ఊగు కత్తి పని సమయమున బిగించినదానివలె నిటారుగా నిలుచుటకు కారణమిదే. రాయి తగిలినప్పుడు మాత్రము వెనుకకు మడిగి, మరల సర్దుకొనును. బోల్టు అరిగినదో లేదో దినదినము చూడుమని యంత్రము వెంట వచ్చు పుస్తకములు ఎందుకు హెచ్చరించునో ఈ సంఖ్యయే చెప్పుచున్నది.

కొత్తవారు చేయు మొదటి తప్పు ఇక్కడనే యున్నది. గడ్డి దట్టముగా ఉన్నచోట మెల్లగా పోవలెనని తలచి ఇంజను వేగమును తగ్గింతురు. ఇంజను వేగము సగమైనచో కత్తి వేగము సగమగును. గతిజశక్తి వేగపు వర్గమునకు అనులోమానుపాతమున ఉండును గనుక దెబ్బలోని శక్తి నాల్గవ వంతే మిగులును. గడ్డి తెగక నలిగి, కప్పుక్రింద చుట్టుకొని, యంత్రము నిలిచిపోవును. మెల్లగా పోవలసినది ట్రాక్టరు, కత్తి కాదు. ఇంజనును 540 గుర్తు వద్దనే ఉంచి, గేరు మాత్రము తగ్గింపవలెను. మా డ్రైవరునకు ఈ మాట చెప్పినప్పుడు అతడు నమ్మలేదు. ఒక బారు పాత పద్ధతిలోను, ఒక బారు కొత్త పద్ధతిలోను కోసి చూచుకొన్న పిదప నాకు తిరిగి చెప్పనక్కరలేకపోయెను.

ఆ వేగము గడ్డికొరకే గాని, కత్తికి గడ్డియు రాయియు ఒక్కటే. నూరు గ్రాముల రాయి సెకనుకు 60 మీటర్ల వేగముతో ఎగిరినచో దానిలోని శక్తి 180 జౌళ్లు. అదే రాయి ఎంత ఎత్తునుండి పడినచో ఆ వేగము వచ్చునో విద్యార్థులచే లెక్క కట్టింపుడు. వేగపు వర్గమును గురుత్వ త్వరణమునకు రెట్టింపుతో భాగించినచో 184 మీటర్లు వచ్చును, అనగా రెండున్నర కుతుబ్ మీనారుల ఎత్తు. స్లాషరు కప్పు అంచులకు గొలుసులు వ్రేలాడదీయుట ఇటువంటి రాళ్లను ఆపుటకే. మేము తెచ్చిన యంత్రమునకు వెనుకవైపు గొలుసులు సగము ఊడియున్నవి. గమనించితిమి గాని “ఒక పూటకేమి” అనుకొంటిమి. మధ్యాహ్నము తరగతి గది కిటికీ అద్దము ఒకటి భళ్లున పగిలినది. అడుగులతో కొలిచి చూడగా యంత్రమునకును కిటికీకిని నడుమ అరువది మీటర్లకు పైగా ఉన్నది. అది సెలవుదినమగుటచే ఆ గదిలో ఎవరును లేరు. ఆ సాయంకాలమే గొలుసులు వేయించితిమి. కోత జరుగుచున్నంతసేపు నూరు మీటర్లలోపల మనుష్యులను రానీయకుండుట మంచిది. పాఠశాల జరుగు దినమున కోత తలపెట్టనే కూడదు.

మరునాడు మరియొక పాఠము. యంత్రము ఠక్కున ఆగినది. పాత వాలీబాలు స్తంభపు మొదలు ఒకటి, జానెడు ఇనుప గొట్టము, గడ్డిలో దాగియున్నది. ఇరుసులను కలుపుచోట ఉండు చిన్న బోల్టు రెండు ముక్కలైనది. దీనిని షియర్ బోల్టు అందురు. ఇది కావలెననియే మెత్తని ఇనుముతో చేయుదురు. ఇంటిలోని ఫ్యూజు తీగె తాను కరిగి తక్కిన తీగెలను కాపాడునట్లు, ఈ బోల్టు తాను తెగి గేరుపెట్టెను కాపాడును. “సార్, ఈ బోల్టు మాటిమాటికి తెగుతుంది, గట్టిది వేస్తే పీడాపోతుంది” అని డ్రైవరు తన పెట్టెలోని ఉక్కు బోల్టు ఒకటి తీసినాడు. నేను వద్దంటిని. ఫ్యూజులో మేకు పెట్టినవాడు మేకును కాపాడుకొనును, ఇంటిని పోగొట్టుకొనును. బజారునుండి సరియైన బోల్టు తెచ్చువరకు రెండు గంటలు పని ఆగినది. అందరికిని విసుగే. అయినను ఆ రెండు గంటలు గేరుపెట్టె వెలకంటె చౌక.

ట్రాక్టరు నుండి స్లాషరునకు శక్తిని చేరవేయు షాఫ్టును గురించి ఒక లెక్క చెప్పి తీరవలెను. అది నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగును. దాని చుట్టుకొలత 20 సెంటీమీటర్లనుకొన్నచో, చిక్కుకొన్న బట్టను సెకనుకు 1.8 మీటర్ల చొప్పున చుట్టుకొనును. కండువా కొస తగిలినదని మనిషికి తెలిసి, చేయి కదలించుటకు అర సెకను పట్టిననుకొందము. అప్పటికే దాదాపు మీటరు బట్ట చుట్టుకొనియుండును. మెడలో కండువా గలవానికి ఒక మీటరు చాలును. షాఫ్టుపై ప్లాస్టిక్ తొడుగు లేని యంత్రమును ఎంత చౌకగా ఇచ్చినను తీసికొనరాదు. పంచె, కండువా, వ్రేలాడు చున్నీ ధరించినవారు దాని దరికి రారాదు. చుట్టుకొన్న గడ్డిని తీయుటకు ముందు ఇంజను ఆపి, తాళము చెవి జేబులో వేసికొనవలెను. ఇంజను ఆగిన తరువాతను కత్తులు కొంతసేపు తమంతట తాము తిరుగుచుండునని మరువరాదు.

ఇక తూకము మాట. ఏతమునకు ఒకవైపు బరువు వేసినచో రెండవవైపు లేచునని మన రైతులకు తరతరములుగా తెలిసిన విషయమే. వెనుక యంత్రము ఎత్తినప్పుడు ట్రాక్టరును ఒక ఏతమే. వెనుక చక్రముల ఇరుసు దానికి ఆధారబిందువు. మన ట్రాక్టరు బరువు 900 కిలోలు, అందులో ముందు చక్రములపై 360 కిలోలు అనుకొందము. స్లాషరు బరువు 200 కిలోలు. దాని గురుత్వకేంద్రము వెనుక ఇరుసునకు 1.5 మీటర్ల వెనుక. ముందు, వెనుక ఇరుసుల నడుమ దూరమును 1.5 మీటర్లే. భ్రామకములు సమానముగనుక యంత్రమును ఎత్తగానే ముందు చక్రములపై 200 కిలోలు తగ్గి 160 కిలోలే మిగులును. మొత్తము 1,100 కిలోలలో కనీసము ఐదవ వంతు, అనగా 220 కిలోలు, ముందు చక్రములపై ఉండవలెనని నియమము. లేనిచో స్టీరింగు త్రిప్పినను చక్రములు జారును. గట్టు ఎక్కునప్పుడు ముందుభాగము లేచును. అందుకే ముందు ఇనుప దిమ్మెలు తగిలింతురు. ఏటవాలు నేలలో అడ్డముగా గాక, నిలువుగా పైకి క్రిందికి కోయుట మేలు. చిన్న ట్రాక్టరు తేలిక గనుక బోల్తాపడదనుకొనువారు కలరు. బోల్తాపడుట బరువును బట్టి కాదు, గురుత్వకేంద్రపు ఎత్తును, చక్రముల నడిమి వెడల్పును బట్టి.

ఇవన్నియు తెలిసినను, కంటికి కనబడని గుంతను ఏ శాస్త్రమును తప్పింపజాలదు. నడుమెత్తు గడ్డిలోనికి యంత్రమును దింపుటకు ముందు మనిషి నడిచి చూడవలెను. మోకాలి వరకు బూట్లు, చేత పొడవైన కర్ర, ప్రక్కన మరియొక మనిషి. మేము నలుగురము ఒక వరుసగా కర్రలతో తట్టుచు నడచితిమి. కంచెతీగె చుట్ట, రాళ్లకుప్ప, నీటిగొట్టముల గుంత బయటపడినవి; ప్రతిచోట ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతితిమి. ఆ వాలీబాలు గొట్టము మాత్రము మా నలుగురి నడుమనుండి తప్పించుకొన్నది. రక్తపింజరి ఒకటి కనబడినది. దానిని ఎవరును కదలింపలేదు. అది తన దారిని పోయెను. కొడవళ్లతో కూలీలను వంగి కోయింపలేదన్న సంతోషము అప్పుడు కలిగినది.

చుట్టూ గట్టుపొడవున మొదలుపెట్టి లోపలికి కోసికొనిపోవుట డ్రైవర్ల అలవాటు. అట్లు కోసినచో కౌజుపిట్టలు, కుందేళ్లు, పాములు నానాటికి చిన్నదగు నడిమి గడ్డిలో చిక్కుకొని, చివరి బారులో కత్తులపాలగును. నడుమ ఒక బారు కోసి, అక్కడినుండి బయటకు విస్తరించినచో వాటికి గోడవైపు పారిపోవు దారి యుండును. ఇంధనమున పెద్ద తేడా లేదు.

మొత్తము పని ఎంత? ఎకరము 4,047 చదరపు మీటర్లు గనుక ఎనిమిది ఎకరములు సుమారు 32,400 చదరపు మీటర్లు. ఒక బారు మరియొక బారుపై కొంత పడవలెను గనుక స్లాషరు వెడల్పులో 1.1 మీటరే లెక్కకు వచ్చును. భాగించినచో ట్రాక్టరు నడువవలసిన దూరము 29 కిలోమీటర్లు దాటును. గంటకు మూడు కిలోమీటర్ల నడకలో దాదాపు పది గంటలు. మలుపులు, ఆగుటలు కలిపినచో రెండు దినములు. మాకు మూడు పట్టినవి. కారణములు పైన చెప్పితిని.

ఇంతవరకు యంత్రపు కథ. కోసిన తరువాత నేలపై జరుగునది మొక్కల కథ. అదియే అసలు కథ.

పశువు మేసిన గడ్డి వారము దినములలో మరల పెరుగును. అదే పశువు వంగమొక్క కొన కొరికినచో అది తిరిగి కొమ్మలు వేయుటకు ఎంతో కాలము పట్టును. తేడా ఎక్కడ? మొక్కలో కొత్త కణములు పుట్టుచోటు ఒకటి కలదు; దానిని విభాజ్య కణజాలమందురు. వంగ, ప్రత్తి, వయ్యారిభామ వంటి మొక్కలలో ఇది కాండపు కొనను ఉండును. గడ్డిజాతులలో ఆకులు వేయు మొగ్గ పూతకు రానంతవరకు నేలకు అంటుకొని, ఆకుతొడుగుల మాటున ఉండును; ఆకును కొననుండి గాక అడుగునుండి పెరుగును. విద్యార్థులు దీనిని సులభముగా చూడవచ్చును. లేత జొన్న ఆకుపై సెంటీమీటరునకు ఒకటి చొప్పున చెరగని సిరా చుక్కలు పెట్టుడు. నాలుగు దినముల తరువాత చుక్కల నడిమి దూరము మారదు. కాని అన్నిటికంటె క్రింది చుక్కకు దిగువ, చుక్కలు లేని కొత్త ఆకు బయటికి వచ్చియుండును. పచ్చిక బయళ్లలో మేయు జంతువులతో కలిసి లక్షల సంవత్సరములు బ్రతికిన గడ్డి, తన ప్రాణమును పళ్లకు అందని చోట దాచుకొన్నది. స్లాషరు కత్తి దాని దృష్టిలో మరియొక ఆవు మాత్రమే.

కావున కోత అన్ని మొక్కలకును ఒకే శిక్ష కాదు. నేలనుండి పది సెంటీమీటర్ల ఎత్తున కోసినచో నిటారుగా పెరుగు కలుపుమొక్కల పెరుగు కొన పోవును; గరిక పెరుగు మొగ్గలు క్షేమముగా ఉండును. గరిక నీడకు ఓర్వలేదు. ఎత్తైన కలుపుక్రింద అది చావక బ్రతుకక ఉన్నది. నీడ తొలగగానే ప్రాకుట మొదలిడును. కత్తి చేయునది సగము. మిగిలిన సగము సూర్యుడును, గరికయు చేయుదురు.

అట్లని గడ్డికి మాత్రము ఎంత కోసినను బాధ లేదనుకొనరాదు. ఆకులే దాని వంటిల్లు. అమెరికా వ్యవసాయశాఖ 1955లో ప్రచురించిన ఎఫ్. జె. క్రైడర్ పరిశోధనలు ఈ విషయమున ప్రసిద్ధములు. ఆకుభాగములో సగము, అంతకు మించి ఒక్కసారి తీసివేసినచో గడ్డివేళ్ల పెరుగుదల కొన్నాళ్లపాటు ఆగిపోవునని అతడు చూపెను. ఒక్క కోతలో మూడవ వంతుకు మించి తీయరాదను తోటమాలుల నియమమునకు ఇది బలమిచ్చుచున్నది. నడుమెత్తు పెరిగిన నేలలో మొదటిసారి ఆ నియమము సాగదు. అందుచే రెండు విడతలుగా కోయవలెను: మొదట జానెడు ఎత్తున, రెండు మూడు వారముల తరువాత పది సెంటీమీటర్లకు. తరువాత వారమునకొకసారి కోయు వీలున్నచో గరికను ఇంకను పొట్టిగా ఉంచవచ్చును. నెలకొకసారి మాత్రమే కోయువారు పది సెంటీమీటర్లకు దిగుట తగదు. మొదటి కోతలో పడు గడ్డి పరుపువలె కప్పి అడుగు పచ్చికకు ఊపిరాడనీయదు గనుక దానిని ప్రోగుచేసి ఎరువుగుంతలో వేయవలెను. తరువాతి కోతల పలుచని తుక్కు నేలకే వదలవచ్చును. కుళ్లి నత్రజనిని తిరిగి ఇచ్చును.

వయ్యారిభామ దగ్గర మా లెక్క తప్పినది. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతములనుండి వచ్చిన ఈ మొక్కను మనదేశమున 1955లో పూనా వద్ద గుర్తించిరి. ఇప్పుడిది లేని ఊరు లేదు. ఒక్క మొక్క వేలకొలది విత్తనములనిచ్చును. దాని పుప్పొడి కొందరికి ఉబ్బసమును, ఆకుల స్పర్శ చర్మవ్యాధిని కలిగించును. మేము కోసినది ఆగస్టు చివర. అప్పటికే సగము మొక్కలు తెల్లని పూలతో ఉన్నవి. కత్తులు వాటిని నరుకుటతోపాటు ముదిరిన విత్తనములను మైదానమంతట చల్లినవి. మొక్కలైన చచ్చినవా? లేదు. కాండపు కొన తయారుచేయు ఆక్సిన్ అను పదార్థము క్రింది మొగ్గలను అణచియుంచును. కొన పోయినచో ఆ అణచివేత పోయి, క్రింది మొగ్గలన్నియు ఒక్కమారు లేచును. మూడు వారములలో ఒక్క కాండమున్నచోట నాలుగైదు కొమ్మలు వచ్చి, చీలమండ ఎత్తుననే పూచినవి. రెండవ కోతలో కత్తులు వాటి తలలపైనుండి పోయినవి. మొక్క మాకంటె తెలివిగలదైనది.

దీనికి మార్గము కాలమును పట్టుట. మొలచిన నెల, నెలన్నరకే ఇది పూతకు వచ్చును. జూన్ వానలకు మొలచినవానిని జూలైలో పూతకు ముందే కోసి, కొమ్మలు వేయగానే మరల కోసినచో వేరులోని నిలువ తరిగిపోవును. పూచిన గుంపులను కోయక, వాన వెలిసి నేల మెత్తగా ఉన్నప్పుడు చేతితొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకొని వేరుతో పెరుకుటయే శరణ్యము. ఆ తుక్కును ఎరువుగుంతలో వేయరాదు. దీనిని తిను జైగోగ్రామా అను పెంకుపురుగును 1984లో మెక్సికోనుండి మనదేశమునకు తెచ్చిరి. వానకాలమున అది ఆకులను జల్లెడచేయును గాని, ఒక్కదానిపైననే ఆధారపడుట నా ఉద్దేశమున తగదు. తగిరిస దట్టముగా మొలచినచోట వయ్యారిభామ తక్కువగా ఉండుట మీరును చూచియుందురు. మైదానపు అంచులలో తగిరిసను ఉండనిచ్చుట మంచి ఉపాయము. కోత ముగిసిన పిదప స్లాషరు అడుగును కడుగకుండ మరియొక ఊరికి పంపినచో, అంటుకొన్న మట్టితో పాటు విత్తనములను కూడ పంపినవారమగుదుము. మాకు ఆ యంత్రము వచ్చినప్పుడు దాని కప్పుక్రింద ఎండిన మట్టి రెండంగుళములున్నది. అది ఏ ఊరి మట్టియో!

సర్కారు తుమ్మ విషయమున ఒక్కమాట చాలును. వ్రేలి లావు దాటిన కాండమును చిన్న స్లాషరుకు అప్పగింపరాదు. నరికినను మొదలునుండి మరల చిగుర్చును. మిగిలిన మొలక టైరును చీల్చును. దానిని గడ్డపారతో వేరుతో త్రవ్వవలెను.

నేల తడి చూడకుండ ట్రాక్టరును దింపుట మరియొక తొందరపాటు. రేగడి నేల తడిసినప్పుడు చక్రముల గాడులు పడి, మట్టి గట్టిపడి, వేళ్లకు గాలి అందదు. గుప్పెడు మన్ను తీసి ఉండచేసి, బొటనవ్రేలితో నొక్కుడు. పొడిపొడిగా విరిగినచో దిగవచ్చును. ముద్దవలె అణగినచో రెండు దినములాగవలెను. మా ప్రాంతమున జూలై వరపులో ఒక కోత, ఆగస్టు చివర ఒకటి, వానలు వెనుదిరిగిన తరువాత అక్టోబరులో మరియొకటి చాలునని అనుభవముపై తేలినది.

ఈ విషయమును పరీక్షింపగోరు ఉపాధ్యాయులు వెదురుబద్దలతో చదరపు మీటరు చట్రమొకటి చేయించి, మైదానమున రెండు చోట్ల గుర్తులు పాతవలెను. ఒకచోట నేలకు అంటునట్లు, రెండవచోట పది సెంటీమీటర్ల ఎత్తున ఒకే దినమున కోయించి, పదునైదు దినములకొకసారి చట్రములోని మొక్కలను జాతివారీగా విద్యార్థులచే లెక్కింపవలెను. మేమట్లు చేయగా, అంట కోసినచోట బోసినేల బయటపడి వయ్యారిభామ మొలకలు గుంపుగా వచ్చినవి. రెండవచోట గరిక కలిసిపోయి వాటికి సందు తక్కువైనది. లెక్క వ్రాయునప్పుడు మొలకలను, పెద్ద మొక్కలను వేరువేరు గడులలో వ్రాయవలెను. మేము మొదటి సంవత్సరము రెంటిని కలిపి వ్రాసితిమి. అందుచే ఆ సంవత్సరపు పట్టిక దేనికిని పనికిరాకపోయినది.